మా ఇంటి కాశ్యప గోత్రీకులు

మొన్న ఫ్రిస్కోలో కొత్త అపార్ట్‌మెంట్‌కి లీజు రాయించుకుంటున్నాను. ఆఫీసులో కూర్చున్న అమ్మాయి నా బదులు తనే ఫారం నింపుతోంది. ఇంట్లో ఉండబోయే మనుషులకు అందులో ఒక గడి, జంతువులకు ఇంకో గడి ఉన్నాయి. మనుషుల గడిలో నా పేరొక్కటే పడింది. జంతువుల గడిలో తాబేలు అని చెప్పాను. పేరు తాసిల్దారు. అక్షరం అక్షరం చెప్పి రాయించాను. వయసెంత అని అడిగింది.

“నలభై దాటింది.”

ఆ అమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి. “నలభై నెలలా?”

“ఏళ్ళు. నీకంటే పెద్దవాడు. కాస్త మర్యాదగా రాయి.”

నవ్వింది. రెండు గడులెందుకు, అందరినీ ఒకచోటే రాస్తే పోలేదా అని కూడా అన్నాను. అదీ హాస్యమే అనుకుంది. నేను హాస్యమాడలేదు. ఆ పని మేం ఒకసారి చేసి చూశాం. చేసినందుకు ఒక మంచి ఇల్లు పోగొట్టుకున్నాం.

ఆ పాత కథంతా తెలుగులో జరిగింది. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది మాత్రం యాభై దాటాక. అంతవరకు ఈ మాటలన్నీ చెవిలోనే ఉండిపోయాయి. వినబడినవి వినబడినట్టు రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను. జంతువుల పేర్లు రాస్తాను. అవి ఫోన్ చేసి పోట్లాడవు.

అప్పుడు మేం ఈ పక్కనే ఇర్వింగ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇప్పటి ఇర్వింగ్ కాదు. ఊరంతటికీ ఒకటే ఇండియన్ కొట్టు. ముందు గదిలో పప్పులు, వెనక గదిలో వీడియో క్యాసెట్లు. రెంటికీ ఒకటే ఇంగువ వాసన. కరివేపాకు ఎవరో ఒకరి సూట్‌కేసులో ఎండిపోయి వచ్చేది. పచ్చి మామిడికాయ దొరక్క బామ్మ పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ పళ్ళతో ఆవకాయ పెట్టేది. పాన్‌కేక్ పిండితో గులాబ్‌జాములు చేసేది. ఇండియాలో అసలు గులాబ్‌జాము తిన్నప్పుడు ఇదేంటి ఇలా ఉంది అనుకున్నాను.

మా అమ్మ నాకు ఆరేళ్ళప్పుడు పోయింది. నాన్న, అన్నయ్య, నేను, నాన్నను కన్న బామ్మ మిగిలాం. అమ్మ పెంచిన కుక్క భీముడు మిగిలాడు. పేరుకి భీముడేగాని, నాన్న బూటు పక్కన పడుకుంటే ఏది బూటో ఏది కుక్కో తెలిసేది కాదు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చాక నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ మొదటి భర్త దగ్గర విడాకులు తీసుకుని పిల్లలతో విడిగా ఉంటున్న మనిషి. నేను పిన్ని అని పిలిచాను. పిన్ని వెంట ఆవిడ కూతురు, కవల మగపిల్లలు, ఆవిడ తండ్రి, ఒక పిల్లి, పంజరంలో రెండు చిన్న చిలకలు వచ్చాయి. పిల్లి పేరు రాణి. చిలకలు ఉప్పు, కారం. ఆ పిల్లిని, నా వయసే ఉన్న ఆ కూతురు తన కోటులో పెట్టుకుని తెచ్చింది. పాత ఇంట్లోంచి ఆ పిల్ల అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

ఆ పిల్ల నాకంటే పంతొమ్మిది రోజులు పెద్ద. అక్కా అని పిలవమని రోజూ పోరేది.

“పంతొమ్మిది రోజులకే అక్కేంటి?”

“నైన్‌టీన్ డేస్ ఈజ్ నైన్‌టీన్ డేస్.”

అప్పుడు పిలవలేదు. ఇక్కడ మాత్రం అక్క అనే రాస్తాను.

ఏడాది తిరిగేసరికి తమ్ముడు పుట్టాడు. ఇంట్లో అందరితోనూ రక్తసంబంధం ఉన్నది వాడొక్కడికే. వాణ్ణి ఎత్తుకోవడానికి వంతులు వేసుకునేవాళ్ళం. చివరగా తాబేలు వచ్చింది. తాతయ్య, అంటే పిన్ని వాళ్ళ నాన్న, పొద్దున నడకకు వెళ్ళి రోడ్డు దాటుతున్న తాబేలును తువ్వాలులో కట్టుకొచ్చాడు. ఆయన వరంగల్ దగ్గర తాసిల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. “ఈయన నడక నేను ముప్పై ఏండ్లు చూసిన. ఒక్క ఫైలు ఇటు నుంచి అటు వోవాల్నంటే గింతే” అని తాసిల్దారు అని పేరు పెట్టాడు.

పదిమంది మనుషులు, ఒకటిన్నర బాత్రూం. పొద్దున్నే వరసలో భీముడు కూడా నిలబడేవాడు, ఎందుకో వాడికే తెలియాలి. బామ్మ గోదావరి జిల్లా మాట, తాతయ్య తెలంగాణ మాట, మా పిల్లల ఇంగ్లీషు కలిసి ఆ వంటింట్లో ఉడికేవి. బామ్మ మడి కట్టుకుని వండేది. తడిచీర బాత్రూంలో షవర్ రాడ్ మీద ఆరేసేది. వంటింటి గచ్చు మొదలైనచోటు నుంచి ఎవరూ లోపలికి రాకూడదు. ఆ హద్దు భీముడు కూడా తెలుసుకున్నాడు. రాణికి మాత్రం పట్టేది కాదు. తిన్నగా వచ్చి బామ్మ కాళ్ళకే చుట్టుకునేది. బామ్మ మళ్ళీ స్నానం చేసి మళ్ళీ మడి కట్టుకునేది. రోజుకు మూడుసార్లు.

“శనిముఖమా! ఇంత ఇల్లుండగా నా కాళ్ళే దొరికాయా నీకు?”

తాతయ్య సోఫాలోంచి అందుకునేవాడు. “ప్రేమ చెల్లెమ్మా, ప్రేమ. మీ మీద మనసు పడ్డది దానికి.”

“అంత ప్రేమైతే మీ పక్కలో పడుకోబెట్టుకోండి అన్నయ్యగారూ! నాకెందుకూ?”

వినీ వినీ చిలకలకు ఆ మాట వచ్చేసింది. తలుపు గంట మోగితే చాలు, ఉప్పూ కారం రెండూ “మడి! మడి!” అని అరిచేవి. ఉత్తరాలు తెచ్చే మనిషి తనను పలకరిస్తున్నాయనుకుని రోజూ చెయ్యి ఊపి వెళ్ళేవాడు.

అక్కకూ నాకూ ఒకే గది. గది మధ్యన నేల మీద కాగితం టేపు అతికించి నా భాగం వేరు చేసింది నేనే. కిటికీ నావైపు, గోడలో మనిషి పట్టేంత అల్మారా ఆమెవైపు. భీముడు నావైపు, రాణి ఆమెవైపు. ఆమె మా నాన్నను ‘అంకుల్’ అనేది. ఊళ్ళో ప్రతి తెలుగాయననూ అలాగే అంటాం కాబట్టి తప్పు పట్టడానికి లేదు. కాని పప్పు వడ్డిస్తున్న మనిషిని “చాలు అంకుల్” అంటుంటే నాన్న చెయ్యి ఒక్క క్షణం ఆగేది. నేను చూసేదాన్ని.

ఆ ఇల్లు మాకు అద్దెకిచ్చింది తెలుగువాళ్ళే. వంటింట్లో నీళ్ళు కారుతున్నాయంటే చూడడానికని ఓనరు ఆంటీ ఒకరోజు వచ్చింది. గంట నొక్కగానే లోపలి నుంచి “మడి! మడి!” అని స్వాగతం. లోపలికి వచ్చాక భీముడు ఆవిడ చెప్పు ఎత్తుకుపోయాడు. రాణి సోఫా మీద నుంచి లేవలేదు. స్నానాల తొట్టిలో తాసిల్దారు ఉన్నాడు. ఆవిడ అన్నీ చూసి, నీళ్ళు కారే చోటు చూడడం మరిచిపోయింది.

“వదినా, లీజులో ఒకటే పెట్ అని క్లియర్‌గా ఉంది. మీరిక్కడ జూ నడుపుతున్నారు. నా కార్పెట్ ఏమవ్వాలి?”

పిన్ని ఏదో సర్దిచెప్పబోయింది.

“ఏదో ఒక్కటి ఉంచుకోండి. మిగతావి ఈ నెలాఖరుకల్లా షెల్టర్‌కి ఇచ్చెయ్యండి. నేనొచ్చి చూస్తాను.” గుమ్మం దగ్గర నాన్నతో గొంతు తగ్గించి అంది. “అన్నయ్యగారూ, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. రెడీమేడ్ సంసారం తెచ్చుకున్నారు, సరే. రెడీమేడ్ జూ కూడానా?”

గొంతు తగ్గిందేగాని మాట తగ్గలేదు. అక్క నా పక్కనే నిలబడి ఉంది.

చిలకల పంజరాన్ని, తాబేలును ఎక్కడైనా దాచొచ్చని తాతయ్య తేల్చాడు. కుక్కనూ పిల్లినీ దాచలేం. రెంటిలో ఒకటి పోవాలి. ఆ సాయంత్రం నుంచి ఇల్లు రెండయింది. భీముడు అమ్మ పెంచిన కుక్క, వాణ్ణి పంపడమన్న మాటే లేదని మా వైపు. రాణి తప్ప తన కూతురికి ఇంకేం లేదని పిన్ని. ఆ మాట కూడా గట్టిగా అనలేదు పాపం. బామ్మ మాత్రం గట్టిగానే అంది. “పీడ పోతుంది. ఆ పిల్లినే పంపండి.” నాన్న ఇద్దరి మొహాలూ చూసి, కారు కడుక్కోవాలని బయటికి వెళ్ళాడు. అక్క రాణిని ఎత్తుకుని అల్మారాలోకి పోయి తలుపు వేసుకుంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు లోలోపల సంతోషంగానే ఉండింది. ఆ సంగతి దాచను.

ఇంతలో సత్యనారాయణ వ్రతం వచ్చింది. ఆ ఇంట్లో దిగినప్పుడు చెయ్యాల్సింది, ఏడాదిగా వాయిదా పడుతోంది. అప్పట్లో మాకు పురోహితుడంటే ఒక అంకులే. వారమంతా ఆఫీసులో ఇంజినీరు, శని ఆదివారాలు పంచె కట్టుకుని పురోహితుడు. పేర్లు నోటికి ఉండవు కాబట్టి ఇంటివాళ్ళ గోత్రాలు, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక అట్టముక్క మీద రాసి ఉంచమనేవాడు. సంకల్పం చెప్పే చోటుకు రాగానే అట్ట తీసి, అందులో ఏముంటే అది గడగడా చదివేవాడు. దస్తూరి బాగుంటుందని రాసే పని నాకు పడింది.

“సంకల్పం అంటే ఏంటి తాతయ్యా?” అని అడిగాను.

“ఫలానా ఊర్ల, ఫలానా ఇంట్ల, మేం ఫలానా వాళ్ళం ఉన్నమని దేవునికి హాజరు చెప్పుకునుడు బిడ్డా. అండ్ల పేరు పడ్డదంటే ఇగ వాళ్ళు ఆ ఇంటోళ్ళే. దేవుడు రాసుకుంటడు.”

ఆరిన బట్టలు మడతపెడుతున్న అక్క తలెత్తింది. మూడు రోజుల తర్వాత ఆమె నోట మాట వినడం అదే. “గోత్రం తెలీకపోతే?”

“తెల్వనోళ్ళకు కాశ్యప గోత్రం అంటరు. కశ్యపుడు అందరికీ తండ్రి గద. దేవతలకు, రాక్షసులకు, పక్షులకు, పాములకు.”

“పిల్లులకి?”

“పిల్లులను ఇడిచిపెడ్తడా?”

బామ్మ వంటింట్లోంచి చెప్తోంది. “ముందు మన గోత్రం రాయి. నాన్న, పిన్ని, నేను, అన్నయ్య, నువ్వు, చంటివాడు. తరవాత తాతయ్యగారి గోత్రం. ఆ పిల్లలు ముగ్గురికీ వాళ్ళ నాన్న గోత్రం. అదేదో మీ పిన్నినడిగి రాయి.” ఆ మాటలో విషం లేదు. ఆవిడకు తెలిసిన లెక్క అది. కాని అక్క తువ్వాళ్ళు అక్కడే వదిలేసి గరాజ్‌లోకి వెళ్ళిపోయింది.

బట్టలు ఆరబెట్టే మెషీన్ గరాజ్‌లో ఉండేది. అది తిరుగుతుంటే ఆ మూల వెచ్చగా, సబ్బు వాసనగా ఉండేది. అక్క దానికి వీపు ఆనించి కూర్చుంది. ఒళ్ళో రాణి. నేను అట్ట, పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను.

“మీ నాన్న గోత్రం ఏంటి?”

“అది రాయొద్దు.”

“బామ్మ రాయమంది.”

“నా బర్త్‌డేకి కూడా కాల్ చెయ్యలేదు. ఆయన గోత్రంలో నా పేరెందుకు?”

“అయితే మా గోత్రం రాస్తాలే.”

“మీది నాదెలా అవుతుంది? రూములో టేప్ వేసింది ఎవరు?”

 అక్క నా చేతిలోంచి పెన్సిలు లాక్కుంది. అట్ట అడుగున కాశ్యప అని రాసి, దాని కింద తన పేరు, దాని కింద రాణి పేరు రాసింది.

“నేనూ రాణీ ఇక్కడ. మేం తెలీనివాళ్ళం. ఓకే?”

పైన మా అందరి కోసం వదిలిన జాగా, అడుగున ఆ రెండు పేర్లు. చూస్తే నాకు భయం వేసింది. నెలాఖరుకి ఇంట్లోంచి పోయేవాళ్ళ జాబితాలా ఉంది. రాణి పోతుందంటే సంతోషించినదాన్ని నేనే. కాని ఆ జాబితాలో రాణికంటే ముందు అక్క పేరుంది, ఆమె కూడా పోతే? పెన్సిలు తీసుకుని కింద నా పేరు రాశాను.

“నువ్వెందుకు? నీకు గోత్రం ఉందిగా.”

“నా ఇష్టం.”

దాని కింద భీముడి పేరు రాశాను.

“వాడు ఎలాగూ ఇంట్లోనే ఉంటాడుగా” అంది అక్క.

“ఒక్కడూ ఉండి ఏం చేస్తాడు? ఎవర్ని తరుముతాడు?”

ఆమె నవ్వలేదు. జరిగి కూర్చుని నాకు మెషీన్ పక్కన వెచ్చటి చోటు ఇచ్చింది. ఇంతలో కవలలు వచ్చారు. ఏమిటో తెలియకుండానే “మా పేర్లూ, మా పేర్లూ” అన్నారు. రాశాం. చిలకల్ని రాశాం. తాసిల్దారును రాశాం. సాక్సుల కోసం వచ్చిన అన్నయ్య అట్ట చూసి విషయం కనుక్కుని, “సరే, నన్నూ రాసుకోండి. స్పెల్లింగ్ తప్పు రాస్తే ఊరుకోను” అన్నాడు. వాడప్పుడు హైస్కూలు మూడో ఏడు. మాతో మాట్లాడడమే గొప్ప. చంటివాడి దగ్గర మాత్రం ఆలోచించాం. వాడొక్కడే పెద్దవాళ్ళ వైపు ఉంటే వాడికి తోచదని వాణ్ణీ ఇటే వేసుకున్నాం. కొత్త అట్ట మీద శుభ్రంగా ఎత్తి రాశాను. పైన నాన్న, పిన్ని, బామ్మ. తరవాత తాతయ్య ఆయన గోత్రంతో. కింద కాశ్యప గోత్రం, పదకొండు పేర్లు.

వ్రతం నాడు ఇల్లు నేతిలో వేగిన రవ్వ వాసనతో నిండిపోయింది. కార్పెట్ మీద దుప్పట్లు పరిచారు. అగరుబత్తి పొగకు అలారం మోగకుండా అన్నయ్య దానికి ప్లాస్టిక్ స్నానపు టోపీ తొడిగాడు. కలశంలోకి మామిడాకులు లేక పెరట్లో పీకాన్ చెట్టు ఆకులు పెట్టారు. పది కుటుంబాలు వచ్చాయి. ఓనరు ఆంటీ ముందు వరసలో కూర్చుంది. భీముణ్ణి, రాణిని, తాసిల్దారును గరాజ్‌లో పెట్టి తలుపు వేశాం, చిలకల పంజరాన్ని దుప్పటి కప్పి మా గదిలో పెట్టాం.

నాన్న, పిన్ని పీటల మీద కూర్చున్నారు. పురోహితుడు అంకుల్ అట్ట తీశాడు. నాన్న గోత్రం, పెద్దవాళ్ళ పేర్లు అయ్యాయి. తాతయ్య అయ్యాడు. “కాశ్యప గోత్రోద్భవస్య” అని మొదలుపెట్టి అదే ఊపున అక్క పేరు, నా పేరు, అన్నయ్య పేరు చదివేశాడు. బామ్మ తల విసురుగా మా వైపు తిరిగింది. అంకుల్ ఆగలేదు. కవలలు, చంటివాడు. “భీమ నామధేయస్య, రాణీ నామధేయస్య, ఉప్పు నామధేయస్య, కారం నామధేయస్య...”

వెనక కూర్చున్న ఒకావిడ పక్కావిడను పొడిచింది. “ఉప్పు అడుగుతున్నట్టున్నారు, తెచ్చివ్వవే.”

“తాసిల్దార్ నామధేయస్య” అన్నాక అంకుల్‌కి అనుమానం వచ్చింది. అట్టను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. అప్పటికే తమ పేర్లు విన్న చిలకలు “మడి! మడి!” అని అందుకున్నాయి.

ఒక్కసారిగా నవ్వులు. ఓనరు ఆంటీ మాత్రం నవ్వలేదు. “ఇదేం అన్యాయం పెద్దమ్మగారూ? కుక్కలకీ పిల్లులకీ సంకల్పమా? పైగా ఆ పిల్లలకి నిక్షేపంలా గోత్రాలుండగా వాటితో కలిపి చదివిస్తారా? అయినా మీ ఇంట్లో ఎవరు ఎవరి పిల్లలో చెప్పడం దేవుడి వల్ల కూడా కాదులెండి.”

నవ్వులు ఆగిపోయాయి. పిన్ని తల వంచుకుని చేతిలో అక్షతలు గట్టిగా పట్టుకుంది. ఇక మా పని అయిపోయిందనుకున్నాను. గోత్రమంటే బామ్మకు ప్రాణం. ఆవిడ మా ఇద్దరినీ ఒకసారి చూసి, ఓనరు ఆంటీ వైపు తిరిగింది.

“దేవుడికి తెలుసమ్మా. తెలియనివాళ్ళు ఎవరైనా వస్తే వాళ్ళు కూడా వింటారని పైకి చదివించాం.”

“కశ్యపుడంటే అందరికీ తండ్రేనమ్మా” అన్నాడు తాతయ్య వెనక నుంచి. “కుక్కకు మాత్రం కాడా ఏంది?”

పురోహితుడు అంకుల్ చెమట తుడుచుకున్నాడు. “అమ్మగారూ, మళ్ళీ సరిచేసి చదవమంటారా?”

“ఎందుకూ? ఆయనకి ఒకసారి చెబితే వినబడుతుంది. కానివ్వండి బాబూ.”

కానిచ్చారు. అయిదు కథలూ అయ్యాయి. అందరూ ప్రసాదం తిని వెళ్ళాక బామ్మ తలుపు వేసి మమ్మల్నిద్దరినీ పిలిచింది. తొడపాశం నాకెంత గట్టిగా పెట్టిందో అక్కకూ అంతే గట్టిగా పెట్టింది. అక్కను బామ్మ ముట్టుకోవడం అదే మొదటిసారి.

“మీ తాతల నాటి గోత్రాన్ని గోడకేసి కొట్టారు కదే! చంటివాణ్ణెందుకే అటు రాశావు?”

“ఒక్కడే ఉంటే వాడికి తోచదు బామ్మా.”

ఆవిడ కాసేపు అట్టను అటూ ఇటూ తిప్పింది. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకు రావు. ఎవరి పేరు ఎక్కడుందో నా చేత వేలు పెట్టించి చూపించుకుంది. తరవాత మా ఇద్దరికీ మారు ప్రసాదం లేదని తీర్పు చెప్పి స్నానానికి వెళ్ళింది.

మర్నాడు ఓనరు ఆంటీ ఫోన్ చేసింది. ఇప్పుడు దాచేది కూడా లేదు. అయిదు జంతువులూ పేరుపేరునా పది కుటుంబాల ముందు బయటపడ్డాయి. ఒకటి తప్ప అన్నీ పోవాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి. నాన్న ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పాడు.

“పంపించేద్దాం” అంది పిన్ని. “పిల్లి కోసం ఇల్లు మారతామా? పెద్దవాడికి వచ్చేది స్కూల్లో ఆఖరి ఏడాది.”

అన్నయ్య కంచంలో అన్నం కెలుకుతున్నాడు.

“పంపించెయ్యండి అంకుల్. ఇట్స్ ఓకే” అంది అక్క. ఏడవలేదు. ఎలా వెళ్ళిపోవాలో అలవాటైన మనిషిలా అంది.  ఇంతలో వంటింటి వైపు నుంచి మాట వచ్చింది.

“ఎలా పంపుతారు? సంకల్పంలో చదివించి నెల తిరక్కుండా గెంటేస్తారా? రేపు దేవుడు హాజరు పిలిస్తే నేనేం చెప్పనూ?” బామ్మ గరిటె పట్టుకుని నిలబడింది. “నాకు దాని మీద ప్రేమేం లేదు. ఎవరూ పొరబడకండి.”

 నాన్న అన్నయ్య వైపు తిరిగి, “ఆ ఆదివారం పేపరు ఇలా తీసుకురా. అద్దె ఇళ్ళ పేజీ చూద్దాం” అన్నాడు. అక్కకు మారు పెరుగు వేశాడు. “చాలు” అంది అక్క. ఆ ఒక్క మాటే అంది. వెనక ఏమీ తగిలించలేదు. నాన్న చెయ్యి ఆగలేదు.

మారిన ఇల్లు హైవే అవతల, పాతది, ఇంకా చిన్నది. పీకాన్ చెట్టు లేదు, కార్పెట్ కూడా లేదు. తాళాలు తీసుకోవడానికి వచ్చిన ఓనరు ఆంటీ, వ్యాన్‌లో ఎక్కుతున్న మమ్మల్ని చూసి నిజంగానే బాధపడింది. “ఆ ఒక్క పిల్లిని వదిలేస్తే అయిపోయేదానికి ఇంత శ్రమెందుకు పెద్దమ్మగారూ?”

“ఒకళ్ళని వదలడం అలవాటైతే చెయ్యి ఆగదమ్మా” అంది బామ్మ. “కార్పెట్ కడిగించాం. చూసుకోండి.”

కొత్తింట్లో బామ్మ ముందుగా పాలు పొంగించింది. దేవుడికి చూపించే లోపలే రాణి గిన్నెలో మూతి పెట్టింది. బామ్మ చీపురు ఎత్తి ఆ ఖాళీ ఇంట్లో గదిగదికీ తరిమింది. “నీ కోసం ఇల్లు మారితే, నీకు ఇదా బుద్ధి!” వెనక భీముడు, వాడి వెనక కవలలు. అక్కా నేనూ మా గది చూడడానికి వెళ్ళాం. టేపు ఏ పెట్టెలో ఉందో నాకు తెలుసు. తియ్యలేదు.

ఇదంతా ఊరికే రాలేదు. నాన్నకు ఆఫీసు దూరమయింది. ఆరేళ్ళు తెల్లవారకముందే బయలుదేరేవాడు. అన్నయ్య ఆఖరి ఏడాది కొత్త స్కూల్లో ఒక్క స్నేహితుడు లేకుండా గడిపాడు. ఆ సంగతి ఇప్పటికీ తాగినప్పుడు ఎత్తుతాడు. వాడి కోపం న్యాయమే. కొంతమంది తెలుగువాళ్ళు మమ్మల్ని చాలా ఏళ్ళు పేరంటాలకు పిలవలేదు. బామ్మ, తాతయ్య, నాన్న ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం ఒక్కొక్కళ్ళం ఒక్కో ఊళ్ళో ఉన్నాం. మేం చేసింది తెలివైన పని కాదని ఇప్పుడు పెద్దమనిషిగా నాకూ తెలుసు. ఒక పిల్లికి, ఒక ఇంటికి తూకం వేస్తే ఏది బరువో ఎవరైనా చెబుతారు.

అయినా సరే, ఆ అట్టముక్క ఇవాళ మళ్ళీ నా చేతికిచ్చి సరిచెయ్యమంటే ఒక్క పేరు కూడా కొట్టెయ్యను. జాగా చాలకపోతే తిప్పి వెనకవైపు రాస్తాను.